లెక్కా పత్రం: లైసెన్సు ఎవరి పేరున ఉంది నాయనా?

క్రిందటి సంచికలో బ్యాంకు నామినేషన్ల గురించి రాసిన తరువాత చాలామంది ఉత్తరాలు రాశారు, కొందరు ఫోన్లు చేశారు. అందరికీ విడివిడిగా జవాబివ్వలేకపోయినందుకు మన్నించండి. ఈసారి ఎత్తుకున్న విషయం చూసి కొందరు పెద్దలు "మన ఇళ్ళలో ఆడవాళ్ళూ, పిల్లలూ చదివే పత్రికలో బార్ లైసెన్సుల గోలేమిటి?" అని కనుబొమలు ముడవవచ్చు. తాగమని గానీ, తాగించమని గానీ నేను చెప్పబోవటం లేదు. కానీ మన పిల్లలు హోటళ్ళూ, లాడ్జీలూ పెడుతున్నారు. ఆ వ్యాపారంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న గుమ్మం తొక్కుతుంది. అప్పుడు తెలియక పెట్టిన ఒక్క సంతకం ఇంటినే గుల్ల చేస్తుంది. అందుకే రాస్తున్నాను.

రెండు నెలల క్రితం ఒక ఆదివారం పొద్దున మా పెదనాన్నగారి అబ్బాయి, మా వదిన, వాళ్ళ కొడుకు ముగ్గురూ మా ఇంటికి వచ్చారు. వాళ్ళది హోస్పేట. తుంగభద్ర డ్యాం కడుతున్న రోజుల్లో మా పెదనాన్న మేస్త్రీ పని మీద వచ్చి అక్కడే ఉండిపోయారు. అన్నయ్య ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యాడు. కొడుకు బస్టాండుకు కాస్త దూరంలో లాడ్జి నడుపుతున్నాడు. హంపీ చూడటానికి వచ్చే యాత్రికులే ఆధారం. కింద భోజన హోటలు, పైన గదులు. సీజనులో గదులు దొరకవు, ఎండాకాలంలో ఈగలు కూడా వాలవు.

కాఫీలు అయిన తరువాత అన్నయ్య ఒక కవరు నా ముందు పెట్టాడు. అందులో నా బ్యాంకుదే ఫిక్సెడ్ డిపాజిట్ రసీదులు.

"గడువుకు ముందే తీసేస్తే వడ్డీ ఎంత పోతుందో చెప్పు తమ్ముడూ" అన్నాడు.

"అన్నీనా?"

"అన్నీ."

వదిన మాట్లాడలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. చెప్పింది కొడుకే.

"చిన్నాయనా, మా ఊళ్ళో ఒక పెద్దాయనకు బార్ లైసెన్సు ఉంది. సీఎల్-9. ఆయనకు చేత కావటం లేదు. మనకు లీజుకు ఇస్తానంటున్నాడు. ముందు కొంత గుడ్‌విల్, తరువాత నెలనెలా ఇంత. లైసెన్సు ఆయన పేరు మీదే ఉంటుంది, నడిపేది మనం. స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకుంటాం. మధ్యవర్తి అన్నీ చూసుకుంటానన్నాడు. కొత్త లైసెన్సులు ఇవ్వటం లేదు గదా, ఇంతకు మించి దారి లేదు."

నాకు అక్కడే గుండెలో కలుక్కుమంది. ఎందుకంటే ఇరవై ఏళ్ళ నాటి ఒక ముఖం గుర్తుకు వచ్చింది.

అప్పట్లో నేను వేరే ఊరి బ్రాంచిలో అప్పుల విభాగం చూస్తున్నాను. ఒక ఖాతాదారు ఉండేవాడు, మనవాడే. మర్యాదస్థుడు, కష్టజీవి. ఇలాగే ఒకాయన లైసెన్సు మీద బార్ నడిపాడు. ఫర్నిచరు, వంటగది, ఫ్రిజ్‌లు, సరుకు అన్నీ తన డబ్బే. ఆరేళ్ళు బాగానే నడిచింది. ఒక తెల్లవారుజామున లైసెన్సుదారు గుండె ఆగి పోయాడు. పదో రోజు కాకుండానే ఆయన కొడుకులు వచ్చి తాళం వేశారు. లైసెన్సుదారు చనిపోతే నియమాల ప్రకారం వారసుల పేరున మార్పించుకునే అవకాశం ఉంది. వాళ్ళు మార్పించుకున్నారు. మన మనిషి స్టాంపు కాగితం పట్టుకుని వకీలు దగ్గరకు వెళితే ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, వెనక్కి ఇచ్చాడట. "ఈ కాగితం కోర్టులో చూపిస్తే మీకు డబ్బు రాదు సరిగదా, చట్టం ఒప్పుకోని పని చేశామని మీరే రాసి ఇచ్చినట్టు అవుతుంది" అన్నాడట. ఆ మనిషి మా బ్యాంకుకు తాకట్టు పెట్టింది కాపురం ఉంటున్న ఇల్లు. ఆ ఫైలు మీద నోటీసు రాసింది నా చేయే. ఆ సంతకం పెట్టిన రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఈ కథ చెప్పిన తరువాత మావాడి ముఖంలో రంగు మారింది. అయినా కుర్రతనం గదా, "మా పెద్దాయన అలాంటివాడు కాదు చిన్నాయనా" అన్నాడు. నేనన్నాను, "ఆయన మంచివాడే నాయనా. కానీ చావుకు మంచీ చెడూ లేదు. ఇక చట్టం సంగతి విను."

మీరు కూడా వినండి. కామర్సు చదివినవాడిని గనుక లెక్కల భాషలో చెబుతాను.

ఇల్లు, పొలం, బంగారం, షేర్లు మన ఆస్తులు. మద్యం లైసెన్సు ఆస్తి కాదు. అది ప్రభుత్వం ఒక మనిషికి, ఒక చోటికి, ఒక ఏడాదికి ఇచ్చే అనుమతి. మన రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల జాబితాలోని విషయం. 47వ అధికరణంలో మత్తు పానీయాల నిషేధానికి ప్రభుత్వం ప్రయత్నించాలని ఆదేశిక సూత్రం కూడా ఉంది. బియ్యం అమ్ముకునే హక్కు లాంటిది మద్యం అమ్ముకోవటానికి ఎవరికీ లేదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో కర్ణాటక విషయంలోనే ఆ మాటను విపులంగా చెప్పింది. కనుక సర్కారు ఇస్తేనే ఉంది, ఇచ్చిన షరతుల మేరకే ఉంది.

అలాంటి అనుమతిని పొందినవాడు చాటుగా ఇంకొకరికి అద్దెకు ఇస్తే ఏమవుతుంది? 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 23వ సెక్షను ఉంది. చట్టం ఉద్దేశాన్ని దెబ్బతీసే ఒప్పందం చెల్లదని దాని సారాంశం. సారాయి లైసెన్సు ఒకడి పేరున ఉండగా నలుగురు కలిసి నడుపుకోవటానికి రాసుకున్న భాగస్వామ్యం మొదటినుంచీ చెల్లనిదేనని మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి వేలు పడయాచి కేసులో తీర్పు చెప్పింది. అది 1950లో లా రిపోర్టుల్లో అచ్చయిన తీర్పు. తరువాత సుప్రీంకోర్టు కూడా బిహారీలాల్ జైస్వాల్ కేసులో ఆ దారిలోనే నడిచింది. చెల్లని ఒప్పందం కింద ఇచ్చిన డబ్బును కోర్టు తిరిగి ఇప్పిస్తుందన్న ఆశ పెట్టుకోరాదు. దొంగ సొమ్ము పంపకంలో తేడా వచ్చిందని న్యాయమూర్తి దగ్గరకు వెళ్ళినట్టుంటుంది వ్యవహారం.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. కర్ణాటక ఎక్సైజు చట్టం 1965 నాటిది. అందులోని 29వ సెక్షను ప్రకారం షరతులు మీరితే లైసెన్సును సస్పెండు చేయవచ్చు, రద్దు చేయవచ్చు. ఎవరైనా గిట్టనివాడు ఒక అర్జీ పెడితే చాలు. డబ్బు పెట్టినవాడు మనం, నోటీసు వచ్చేది ఆయనకు, జవాబు చెప్పాల్సింది ఆయన. మన నోరు కట్టేసినట్టే.

"అయితే ఇక దారి లేదా?" అన్నాడు మావాడు.

ఉంది. కానీ మధ్యవర్తి చూపించిన దారి కాదు. ముందుగా ఏ లైసెన్సు ఎందుకో తెలుసుకోవాలి. కర్ణాటకలో 1968 నాటి నియమాల కింద రకరకాల లైసెన్సులున్నాయి. సామాన్యుడికి తగిలేవి మూడు. సీఎల్-2 అంటే సీసాలు కొనుక్కుని పోయే దుకాణం. సీఎల్-9 అంటే అక్కడే కూర్చుని తాగే బార్ అండ్ రెస్టారెంటు. సీఎల్-7 అంటే గదులున్న హోటలుకూ, లాడ్జికీ ఇచ్చేది. 1992 నుంచి సీఎల్-2, సీఎల్-9 కొత్తవి మామూలు దారిలో ఇవ్వటం ఆపేశారు. అందుకే పాత లైసెన్సులకు అంత గిరాకీ, ఆ గిరాకీ చుట్టూ ఇంతమంది దళారులు. అదనపు లైసెన్సులను ఎలక్ట్రానిక్ వేలంలో ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2025-26 బడ్జెట్టులో ప్రకటించింది. ఇక సీఎల్-7కు ఆ ఆంక్ష లేదు. గదుల సంఖ్య, వసతులు నియమాల ప్రకారం ఉంటే లాడ్జి యజమాని తన పేరుతోనే అర్జీ పెట్టుకోవచ్చు. ఎన్ని గదులు ఉండాలన్నది ఊరి స్థాయిని బట్టి మారుతుంది.

అంటే మావాడు తన ఇంట్లో బావి ఉండగా ఊరవతల కుంటకు నీళ్ళకు పోతున్నాడన్నమాట. సొంత లాడ్జి ఉంది, అడగవలసింది సీఎల్-7. ఆ మాట మధ్యవర్తి చెప్పలేదు. చెబితే అతని కమీషను ఏం కాను?

పాత లైసెన్సే కావాలంటే దానికీ రాజమార్గం ఉంది. ఎక్సైజు కార్యాలయంలో ఇద్దరూ కలిసి అర్జీ పెట్టి, నిర్ణీత రుసుము కట్టి, అనుమతితో లైసెన్సును మన పేరుకు మార్పించుకోవచ్చు. 1967 నాటి సాధారణ షరతుల నియమాల్లో దీనికి ఏర్పాటుంది. మార్పిడికీ, లీజుకూ తేడా ఇదే. మార్పిడిలో పేరు మారుతుంది. లీజులో మన డబ్బు ఒక్కటే చేతులు మారుతుంది.

మరుసటి వారం ముగ్గురినీ వెంటబెట్టుకుని నాకు తెలిసిన ఒక వకీలు దగ్గరకు వెళ్ళాను. ఎక్సైజు కేసులు ఏళ్ళ తరబడి చూసిన మనిషి. "వకీలు ఎందుకు, ఆఫీసులో తెలిసినవాళ్ళున్నారు" అనేవారి కోసం ఆయన ఏమేం చేశాడో వివరంగా రాస్తున్నాను.

మొదట ఆయన అడిగింది ఫీజు కాదు, స్థలం కాగితాలు. లాడ్జి భవనం ఎవరి పేరున ఉంది? ప్లాను మంజూరయినది నివాసానికా, వాణిజ్యానికా? కట్టిన తరువాత ఇచ్చే ఆక్యుపెన్సీ పత్రం ఉందా? మునిసిపాలిటీ ట్రేడు లైసెన్సు, ఆహార భద్రతా సంస్థ లైసెన్సు, అగ్నిమాపక శాఖ పత్రం, జీఎస్టీ నమోదు తాజాగా ఉన్నాయా? మావాడి దగ్గర ఒక లైసెన్సు గడువు తీరి నాలుగు నెలలయింది. అదే పొరపాటుతో అర్జీ పెట్టి ఉంటే అది అక్కడే ఆగిపోయేది.

రెండోది దూరం. దీని గురించి అందరూ శ్రద్ధగా చదవాలి. కర్ణాటక నియమాల ప్రకారం గుడి, బడి, ఆసుపత్రి, ప్రభుత్వ కార్యాలయం వంటివాటికి 100 మీటర్ల లోపల మద్యం దుకాణానికి లైసెన్సు ఇవ్వరాదు. షెడ్యూల్డు కులాల, తెగల వారు ఎక్కువగా నివసించే వాడలకూ రక్షణ ఉంది. ఈ 100 మీటర్లు కాకి ఎగిరిన దూరం కాదు. దుకాణం వాకిలి నడిమి నుంచి, మనిషి మామూలుగా నడిచి వెళ్ళే దగ్గరి దారి వెంట, ఆ సంస్థ గేటు దాకా కొలవాలి. మావాడు మేడ మీద నిలబడి వెనక వీధిలోని బడిని చూపించి "ఎనభై మీటర్లు కూడా లేదు, మనకు రాదు" అనుకున్నాడు. నడిచే దారి వెంట కొలిస్తే, సందు తిరిగి, కూడలి దాటి, బడి గేటు దాకా 130 మీటర్లు పైచిలుకు వచ్చింది. ఆ కొలతను లైసెన్సున్న సర్వేయరు చేత గీయించి, ఫొటోలతో సహా ఫైలులో పెట్టమన్నాడు వకీలు. రేపు ఎవరైనా ఆక్షేపణ చెబితే ఆ గీతే మన నోరు.

మూడోది రహదారి. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు తమిళనాడుకు సంబంధించిన బాలు కేసులో జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యం అమ్మకాలు ఉండరాదని తీర్పు ఇచ్చింది. 2017 మార్చి 31న, ఇరవై వేలు, అంతకు లోపు జనాభా ఉన్న చోట్ల ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. అదే ఏడాది జూలైలో, మునిసిపల్ హద్దుల లోపలి వాటికి ఆ నిషేధం అడ్డు కాదని వివరించింది. 2018 ఫిబ్రవరిలో పంచాయతీ ప్రాంతాల సంగతి రాష్ట్రాలు చూసుకోవచ్చంది. కనుక మన వాకిలి ముందున్న రోడ్డు ఏ తరగతిది, మన స్థలం మునిసిపల్ హద్దులో ఉందా, పంచాయతీలో ఉందా అన్నది రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. దానిపైన రాష్ట్ర నియమాల్లో హైవే దూరం గురించి ఏమున్నదో కూడా వకీలు చేత చూపించుకోవాలి. "పక్కవాడికి ఉంది గదా" అన్నది సాక్ష్యం కాదు.

నాలుగోది ఎవరి పేరున అన్న ప్రశ్న. అన్నయ్య పేరునా, కొడుకు పేరునా, ఇద్దరి భాగస్వామ్య సంస్థ పేరునా? సంస్థ పేరున అయితే భాగస్వామ్య పత్రం రిజిస్టరు కావాలి, భాగస్వాములందరి పేర్లూ లైసెన్సు అధికారికి తెలియాలి. తరువాత ఒకరిని చేర్చుకోవాలన్నా, ఒకరు తప్పుకోవాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలి. ఇంట్లో రాసుకున్న కాగితం ఇక్కడ పనికిరాదు. అల్లుడికి ఒక వాటా, బావమరిదికి ఒక వాటా అని నోటిమాటగా పంచుకునే అలవాటు మనవాళ్ళలో ఉంది. ఈ వ్యాపారంలో దాన్ని మానుకోవాలి.

ఐదోది రుసుములు. ప్రభుత్వానికి కట్టేది ప్రతి రూపాయీ ఖజానా చలానా ద్వారానే. కర్ణాటకలో ఖజానె-2 పోర్టలు నుంచి చలానా తీసుకుని బ్యాంకులో గానీ, ఆన్‌లైన్‌లో గానీ కట్టవచ్చు. చలానా లేని డబ్బు ఎక్కడికి వెళుతోందో మీకు చెప్పనక్కరలేదు. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం లంచం పుచ్చుకున్నవాడితో పాటు ఇచ్చినవాడూ నేరస్తుడే. బలవంతాన ఇవ్వవలసి వస్తే ఏడు రోజుల లోపల ఫిర్యాదు చేసినవాడికే రక్షణ. "అందరూ ఇస్తున్నారు" అన్నది ఏ చట్టంలోనూ మినహాయింపు కాదు.

ఆరోది, అర్జీ తిరస్కరిస్తే ఏం చేయాలి? నోటిమాటగా "కాదు" అంటే ఊరుకోరాదు. కారణాలతో రాతపూర్వకమైన ఉత్తర్వు అడగాలి. జిల్లా అధికారి ఉత్తర్వు మీద ఎక్సైజు కమీషనరుకు, కమీషనరు ఉత్తర్వు మీద కర్ణాటక అప్పిలేటు ట్రిబ్యునలుకు అప్పీలు ఉంటుంది. ఆ పైన హైకోర్టు రిట్టు. గడువులు చిన్నవి, ఉత్తర్వు అందిన తేదీ కవరు మీద రాసి పెట్టుకోవాలి. ఫైలు ఎక్కడ ఆగిందో తెలియకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో అడగవచ్చు.

చివరిగా ఆయన ఒక మాట అన్నాడు. "వకీలు లైసెన్సు ఇప్పించడు. ఇప్పిస్తానని చెప్పేవాడు వకీలు కాదు. కాదనటానికి కారణం లేకుండా మీ కాగితాలు సరిచేసి ఇవ్వటమే నా పని." ఆ మాట నాకు నచ్చింది.

మరి బ్యాంకు వైపు నుంచి నా మాట. బార్ వస్తుందన్న ఆశతో ఆదాయం లెక్క వేసి అప్పు అడగకండి. చేతిలో లైసెన్సు లేని రోజున ఆ ఆదాయం సున్నా. లైసెన్సును తాకట్టుగా చూపిస్తే ఏ మేనేజరూ ఒప్పుకోడు, పైన చెప్పాను గదా, అది ఆస్తి కాదు. కర్ణాటకలో ఎక్సైజు సంవత్సరం జూలై 1 నుంచి జూన్ 30 దాకా. మన లెక్కల సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి. రెండిటి మధ్య మూడు నెలల తేడా. జూన్‌లో రెన్యూవల్ రుసుముకు చేతిలో డబ్బు ఉంచుకోవాలి, అది గదులు ఖాళీగా ఉండే కాలమని మరిచిపోరాదు. మద్యానికి జీఎస్టీ వర్తించదు, భోజనానికి వర్తిస్తుంది. కనుక బిల్లులూ, పుస్తకాలూ వేరువేరుగా ఉండాలి. రెండూ కలిపి రాసిన పుస్తకం తనిఖీ రోజున మెడకు చుట్టుకుంటుంది.

ఇతర రాష్ట్రాల్లోని మన పాఠకుల కోసం నాలుగు ముక్కలు. తమిళనాడులో చిల్లర అమ్మకం 2003 నవంబరు నుంచి టాస్మాక్ చేతిలోనే ఉంది. హోటళ్ళకు 1981 నాటి నియమాల కింద ఎఫ్ఎల్-3, క్లబ్బులకు ఎఫ్ఎల్-2 లైసెన్సులుంటాయి. మహారాష్ట్రలో మూలం 1949 నాటి మద్య నిషేధ చట్టమే. అక్కడ పర్మిట్ రూముకు ఎఫ్ఎల్-3 లైసెన్సు, తాగేవాడికి కూడా పర్మిటు ఉండాలన్నది చట్టం మాట. ఒడిశాలో 2008 నాటి ఎక్సైజు చట్టం 2017 నుంచి అమలులో ఉంది. అక్కడ కూర్చుని తాగే చోటును ఆన్ షాపు అంటారు. యానాంకు పుదుచ్చేరి 1970 ఎక్సైజు చట్టం వర్తిస్తుంది, చుట్టూ ఉన్నది మాత్రం ఆంధ్రప్రదేశ్. యానాంలో సక్రమంగా కొన్న సీసా హద్దు దాటగానే వేరే చట్టం కిందకు వస్తుంది. పెళ్ళిళ్ళకు వచ్చే చుట్టాలకు ఆ సంగతి ముందే చెప్పండి. పేర్లు ఒకలా ఉన్నా ప్రతి రాష్ట్రం నియమాలు వేరు. ఒక రాష్ట్రంలో చూసింది ఇంకో రాష్ట్రంలో ప్రమాణం కాదు.

ఇక ఇంటి సంగతి. వకీలు దగ్గరనుంచి వచ్చాక కూడా వదిన మౌనంగానే ఉంది. మావాడు లోపలికి వెళ్ళాక నేనే అడిగాను, "ఏం వదినా, మీకు ఇష్టం లేదా?" అని.

ఆమెది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాన్ని అడ్డుకున్నప్పుడు ఆమె పుట్టింట పురిటికి ఉంది. "ఆ పొద్దు మా ఊళ్ళోనూ సారాకొట్టు ముందర కూర్చున్నారు తమ్ముడూ. మా అమ్మ కూడా పోయి కూర్చుంది. మా నాయన తాగి వచ్చిన రాత్రుళ్ళు మాకు తెలుసు గదా. ఇప్పుడు నా కొడుకు అంగట్లోనే పోస్తానంటే నేనేం చెప్పేది?" అంది.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ ఉద్యమం తరువాతనే ఆంధ్రప్రదేశ్‌లో 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలిపోయింది. కర్ణాటకలో సారాను 2007 జూలై 1 నుంచి నిషేధించారు. ప్రభుత్వాలు తెరిచినా, మూసినా, ఇళ్ళలో తల్లులకు మిగిలే లెక్క వేరు. అది ఏ లెడ్జరులోనూ ఎక్కదు.

అన్నయ్య అప్పటిదాకా వింటూ కూర్చున్నాడు. మెల్లగా కవరు తీసుకుని అందులో రసీదులు సర్దాడు. "ఈ రసీదులు ఇప్పుడు తియ్యొద్దులే. దీంట్లో సగం ఆమె పేరున వేసింది. ఆమె ఒప్పుకుంటేనే" అన్నాడు. ముప్పై అయిదేళ్ళ కాపురంలో డబ్బు విషయంలో ఆమెను అడిగి చేయటం అదే మొదటిసారేమో, వదిన తలెత్తి చూసింది.

చివరకు ఏం తేలిందంటారా? లీజు మాట ఆ రోజే పోయింది. మధ్యవర్తి రెండుసార్లు ఫోను చేసి, మూడోసారి మానుకున్నాడు. గడువు తీరిన లైసెన్సును మావాడు రెన్యూవలు చేయించాడు. సర్వేయరు గీసిన పటం ఫైలులో ఉంది. సీఎల్-7కు అర్జీ పెట్టాలా వద్దా అన్నది వచ్చే ఏడాది జూలైకి ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకుంటారు. ఈలోపు వదిన ఒక షరతు పెట్టింది. ఎండాకాలం గదులు ఖాళీగా ఉండే నెలల్లో బళ్ళకూ, కాలేజీలకూ విహారయాత్ర భోజనాల కాంట్రాక్టు ప్రయత్నించి చూడమంది. వంటలు తాను చూసుకుంటానంది. "అప్పటికీ లెక్క కుదరకపోతే, అప్పుడు చూద్దాం" అంది. అలా చూస్తే మా ఇంట్లో అసలైన లైసెన్సింగ్ అధికారి ఆమే.

పాఠకులకు నా మనవి ఇంతే. ఈ వ్యాపారం చేయాలా వద్దా అన్నది మీ మీ ఇళ్ళ నిర్ణయం. అందులో నేను తలదూర్చను. చేయదలిస్తే మాత్రం మీ పేరున, మీ కాగితాలతో, చలానా కట్టి, పగటి వెలుతురులో చేయండి. ఎవరైనా "లైసెన్సు ఆయనది, నడిపేది మనం" అని అంటే, రసీదుల కవరు బీరువాలోంచి తీయకముందే ఒక్క ప్రశ్న అడగండి: రేపు ఆయన లేకపోతే మనం ఎవరం? ఆ ప్రశ్నకు ఎదుటివాడు కాగితం చూపించలేకపోతే, మంచినీళ్ళిచ్చి, మర్యాదగా సాగనంపండి.

వచ్చే సంచికలో ఇంటి అప్పుకు హామీ సంతకం పెట్టేవారి బాధ్యతల గురించి రాస్తాను. అందాకా సెలవు.